గట్క నుంచి స్టెంట్ దాకా

వరంగల్‌ను నడుమ పెట్టుకుని చూస్తే జనగామ నైరుతి దిక్కున, మహబూబాబాద్ ఆగ్నేయాన, భూపాలపల్లి ఈశాన్యాన ఉంటాయి. మూడింటికీ దూరం అటూ ఇటూగా 60 కిలోమీటర్లు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు పుట్టేదాకా ఇవి చాలామటుకు ఒకే జిల్లా. ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి ఇప్పటికీ ఒకే జిల్లా. జనగామ వాళ్లలో కొందరు హైదరాబాద్ దారి పడతారు, మిగతా అందరి దారీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వైపే.

అక్కడి క్యాజువాలిటీలో ఏం జరుగుతుందో తెలుగునాట ఏ పెద్దాసుపత్రి డాక్టరైనా చెప్పగలడు. ఈసీజీ తీస్తారు, వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తారు. "షుగర్ ఉందా పెద్దాయనా?" "లేదు సార్, నాకు ఎన్నడు ఏ రోగం లేదు." మీటరు మీద 260 కనిపిస్తుంది. మనిషిని చూస్తే లావు కాదు. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం పంచె మీదికి జారి ఉంటుంది. బీపీ ఎప్పుడు చూపించుకున్నావంటే గుర్తు లేదు. రక్తం పరీక్షకు పోతే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. పొట్ట, షుగర్, బీపీ, ఈ రెండు కొవ్వు లెక్కలు కలిపి మొత్తం ఐదు. వీటిలో మూడు కుదిరితే వైద్యులు దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. గుండెపోటు ఆ రాత్రి వచ్చిందే. మిగతావి ఆయన ఒంట్లో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నాయి. ఆయన పుట్టకముందే, తల్లి కడుపులో ఉన్నప్పుడే వాటికి బీజం పడి ఉండొచ్చు. అందుకే ఈ కథ 1940ల నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ గడీ కింద ఊళ్లకు ఊళ్లు వెట్టి చేస్తున్న కాలం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగింది ఇక్కడే, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన గింజల కోసం నిలబడిందీ ఇక్కడే. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసినవాళ్లు భూమి గురించి, బానిసత్వం గురించి బోలెడు రాశారు. కంచంలో ఏముండేదో ఎక్కువగా రాయలేదు. పొద్దున అంబలి, పగటికి జొన్న గట్క, అందులోకి పచ్చిపులుసో ఉల్లిగడ్డో. కాకతీయులు తవ్వించిన చెరువుల కింద వరి పండేది, కానీ ఆ వడ్లు గడీకి, బజారుకు పోయేవి. కూలి జొన్నల్లో కొలిచిచ్చేవాళ్లు. కూలివాడి ఇంట్లో వరన్నం పండుగనాటి మాట.

ఇక్కడో మాట చెప్పాలి. ఈమధ్య చిరుధాన్యాల మీద ప్రేమ పొంగి, పాతకాలం వాళ్లు జొన్నలు తిని ఉక్కులా ఉండేవాళ్లని అందరూ అంటున్నారు. నేనైతే నమ్మను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాల 1950ల చివర హైదరాబాద్‌కు వచ్చింది. తర్వాత 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పట్టుకున్న తొలి పెద్ద సమస్యల్లో పెల్లాగ్రా ఒకటి. మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లగా పొక్కులు లేచి ఊడిపోవడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. మొక్కజొన్న తినే దేశాల్లో కనిపించే ఈ జబ్బు దక్కన్‌లో జొన్న తినే నిరుపేద కూలీల్లో కనిపించింది. జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో వాళ్లు ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. జొన్న తప్ప వేరే ఏదీ, పప్పూ పాలూ కూరా ఏవీ దొరకని జనం గురించిన సంగతి ఇది. ఉక్కు మనుషులు ఉన్నారేమో గానీ, వాళ్ల పక్కనే పెల్లాగ్రా మనుషులూ ఉన్నారు. ఆ తల్లుల కడుపున పుట్టినవాళ్లే తర్వాతి తరం గుండె రోగులు.

1959లో వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పటి వైద్య పాఠాల్లో గుండెపోటు పట్నంలో కుర్చీలో కూర్చునే దొరల జబ్బు. పేదల గుండెను తినేది రుమాటిక్ జ్వరం. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై కవాటాలను చెడగొట్టేది. ఆ పాఠం తప్పేం కాదు. మార్పు తర్వాత వచ్చింది, అదీ వైద్యశాఖ దారిన రాలేదు. నీటిపారుదల శాఖ, కరెంటు బోర్డు, పౌరసరఫరాల శాఖ తెచ్చాయి.

1963లో పోచంపాడు దగ్గర గోదావరి మీద నెహ్రూ శంకుస్థాపన చేశాడు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ వరంగల్ పొలాల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. అది రాకముందే రైతులు బోర్లు వేసుకున్నారు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. ఆ పథకం వల్ల తెలంగాణ పల్లెల్లో ఎన్ని పొయ్యిల మీద గట్క కుండ దిగి అన్నం గిన్నె ఎక్కిందో! ఆకలి చావులను ఆపిన పథకం అది. దాన్ని నిందించేవాడికి ఆకలి తెలియదు. అయితే బియ్యం ఒక్కటే చవకైంది. పప్పు కాలేదు, కూరగాయలు కాలేదు, పల్లినూనె కాలేదు. నూనె చోట పామాయిల్ ప్యాకెట్ వచ్చింది. 2011 చివర బియ్యం కిలో రూపాయికి వచ్చింది, తెలంగాణ వచ్చాక 2015 నుంచి మనిషికి ఆరు కిలోలు ఇచ్చారు. 2025 ఉగాది నుంచి దొడ్డు బియ్యం పోయి రేషన్‌లోనే సన్నబియ్యం వచ్చాయి. రైతుబజారులో జొన్నల ధర చూస్తే నవ్వొస్తుంది. అప్పట్లో కూలికి కొలిచిన గింజ ఇవాళ డయాబెటిస్ ఉన్న ఉద్యోగి కొనుక్కునే గింజ.

తిండి మారుతుండగానే పనీ మారింది. నాగలి పోయి ట్రాక్టర్, కొడవలి పోయి వరికోత మిషన్ వచ్చాయి. భూపాలపల్లి సింగరేణి బొగ్గుబాయిల్లో, కాకతీయ ఖనుల్లో, తట్టాచెమ్మస్ పట్టుకుని బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్ల చోట ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. చెమట తగ్గింది, షిఫ్టులు మాత్రం తగ్గలేదు. ఈ వారం పొద్దటి షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు అయితే నిద్రా తిండీ రెండూ తారుమారే, షుగర్ అదుపు తప్పడానికి అంతకు మించిన దారి లేదు. అయినా మూడు జిల్లాల్లో క్రమం తప్పకుండా బీపీ చూపించుకునే మొగవాళ్లు ఎవరంటే సింగరేణి కార్మికులే. గని నిబంధనల ప్రకారం ఐదేళ్లకోసారి పీఎంఈ, అంటే ఒంటి పరీక్ష, తప్పదు. దానికి ఇంకో పార్శ్వం ఉంది. 'అన్‌ఫిట్' అన్న మాట అక్కడ ఒక్కో ఇంట్లో ఒక్కోలా వినిపిస్తుంది. సర్వీసు మిగిలినవాడికి భయం, ఉద్యోగం లేని కొడుకున్నవాడికి ఆ కొలువు వాడికి దక్కుతుందన్న ఆశ. పక్కనే చెల్పూరులో పొలం చేసుకునే రైతుకు ఆ భయమూ లేదు, ఆ పరీక్షా లేదు.

మహబూబాబాద్‌ది మరో రకం. ఒకవైపు కేసముద్రం మార్కెట్, మిర్చి బస్తాలు, రైలు మార్గం. మరోవైపు వందల కొద్దీ తండాలు, కొత్తగూడ, గంగారం వైపు కోయ గూడేలు. 1997–98లో పత్తి పురుగు పాత వరంగల్ జిల్లా రైతులను పురుగుమందు డబ్బా దాకా తీసుకెళ్లింది. ఆ అప్పుల ఒత్తిడి చనిపోయినవాళ్లతో పోలేదు, బతికినవాళ్ల రక్తపోటులో ఉండిపోయింది. బీడీలు, చుట్టలు, తండాల్లో గుడుంబా, దాని తర్వాత బెల్టు షాపు క్వార్టర్ సీసా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ అన్నం తిన్నవాళ్లందరికీ పొట్ట ఎందుకొస్తుంది, అదీ సన్నటి మనుషులకు? దీనికి జవాబు వెతికినవాళ్లలో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ముందుంటాడు. 2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు, యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన పిల్లలు తక్కువ బరువుతో పుడతారు, ఆ తక్కువ బరువులోనూ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ 1980ల చివర నుంచీ చెప్పింది దీనికి తోడైంది. కడుపులో ఉన్నప్పుడు ఆకలి చూసిన బిడ్డ శరీరం కరువుకు సిద్ధమై పుడుతుంది, తర్వాత కలిమి వస్తే తట్టుకోలేదు.

దీన్ని నేల మీద పరీక్షించి చూసిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ వండిన ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. గర్భిణికి సుమారు 500 కేలరీలు, బిడ్డకు 300. మిగతా 14 ఊళ్లకు ఈ ఉప్మా పెట్టే అంగన్‌వాడీ పథకం ఇంకా చేరలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక సంజయ్ కిన్రా బృందం వెళ్లి మళ్లీ కొలిచింది. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు, అంతే. కానీ వాళ్లలో ఇన్సులిన్ పనిని అడ్డుకునే గుణం 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసూ తక్కువ. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అంగన్‌వాడీ టీచరు గరిటెడు ఉప్మా పెట్టిన ఫలితం పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించిందంటే, గుండె వైద్యం ఎక్కడ మొదలవ్వాలో వేరే చెప్పాలా? తెలుగునేల నుంచి గుండె వైద్య చరిత్రకు వెళ్లిన అతి ముఖ్యమైన అధ్యయనం ఇదేనని నా అభిప్రాయం. దాని పేరు మన పల్లెల్లోనే కాదు, మన డాక్టర్లలోనూ చాలామందికి తెలియదు.

ఇక జబ్బు పేరు కథ. 1923లో స్వీడన్ డాక్టర్ కైలిన్ రక్తపోటు, షుగర్, గౌట్ లక్షణాలు జట్టుగా వస్తాయని రాశాడు. 1947లో ఫ్రాన్స్‌లో జాన్ వాగ్ కొవ్వు ఎంతుందన్నది కాదు, ఎక్కడుందన్నది చూడమన్నాడు. 1988లో అమెరికాలో జెరాల్డ్ రీవెన్ వీటన్నిటికీ ఇన్సులిన్ నిరోధం మూలమని చెప్పి 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టాడు. విచిత్రం ఏమిటంటే రీవెన్ జాబితాలో పొట్ట లేనే లేదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిర్వచనం ఇచ్చింది, 2001లో అమెరికన్లు ఇంకోటి ఇచ్చారు. అమెరికా కొలతలో మొగవాడి నడుము 102 సెంటీమీటర్లు దాటితేనే ప్రమాదం. ఆ లెక్కన మన ఊళ్లో పొట్టలన్నీ పాసే. లండన్ సౌతాల్‌లో మన ఉపఖండం వాళ్లను కొలిచిన మెక్‌కీగ్ 1991లోనే ఈ తేడా చూపించాడు. 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దక్షిణాసియా మొగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లని గీత గీసింది. అదే ఏడాది రీవెన్ తాను లేవనెత్తిన ఆలోచన నుంచి పుట్టిన పేరుకు తానే శ్రద్ధాంజలి రాశాడు. మెటబాలిక్ సిండ్రోమ్ అని ముద్ర వేయడం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు, ఉన్న ఒక్కో లోపానికీ వైద్యం చేయండి అని. పండితుల మధ్య ఆ వాదన ఇంకా ఉంది. మన ఊళ్లకు మాత్రం ఈ పేరు పనికొస్తుందనే అనుకుంటాను. ల్యాబూ సూదీ అక్కర్లేకుండా నడుము చుట్టూ టేపు తిప్పి ప్రమాదాన్ని ముందే చెప్పగలిగే జబ్బు ఇంకోటి లేదు.

ఊళ్లలో గుండె జబ్బు పెరిగిందని లెక్కతో తేలింది గోదావరి జిల్లాల్లో. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో జరిగిన చావులన్నిటి గురించి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఎలా పోయారని అడిగి రాశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులతో, అంటువ్యాధులతో 12. పల్లె మనిషి జ్వరంతో, విరేచనాలతో పోతాడన్న నమ్మకం అక్కడితో చెల్లింది. అంతకు ముందే 2001లో ఆరు మహానగరాల షుగర్ సర్వేలో హైదరాబాద్ 16.6 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. 2007లో 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం మన ఉపఖండంలో తొలి గుండెపోటు 53 ఏళ్లకే వస్తోందని, మిగతాచోట్ల దాదాపు 59కని చెప్పింది. తెలంగాణలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 30 మంది ఆడవాళ్లు అధిక బరువు, నూటికి 57 మందికి పైగా రక్తహీనత. ఒకే ఊళ్లో, కొన్నిచోట్ల ఒకే ఒంట్లో.

నొప్పి వచ్చిన రోజుకు మళ్లీ వద్దాం. దేశంలోని 50 నగరాల్లో 20 వేలకు పైగా రోగులను చూసిన క్రియేట్ రిజిస్ట్రీ 2008లో ఒక సంఖ్య ఇచ్చింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి మధ్యస్థంగా 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. 60 కిలోమీటర్లకు ఆరు గంటలెందుకు? మొదట "గ్యాస్ పట్టింది" అంటారు. సోడా తాగుతారు. ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ సూది వేస్తాడు. షుగర్ ముదిరినవాళ్లలో కొందరికి నొప్పే తెలియదు, "చెమటలు పోస్తున్నయ్, దమ్ము వస్తున్నది" అంటారంతే. తెల్లారాక చూద్దామనుకుంటారు. పైసలు, బండి, తోడు వచ్చే మనిషి కుదరాలి. ఆ రిజిస్ట్రీలోనే నెల రోజుల్లో చనిపోయినవాళ్లు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. ఈ తేడా వైద్యం అందడంలో ఉన్న తేడాదేనని పరిశోధకులు రాశారు.

వార్డులో చేరాక మెటబాలిక్ సిండ్రోమ్ తేల్చడం అంత సులువు కాదు, ఇది బయటివాళ్లకు తెలియని చిక్కు. గుండెపోటు ఒత్తిడికి అడ్రినలిన్, కార్టిసాల్ ఎగసి షుగర్ లేనివాడికీ షుగర్ పెరుగుతుంది. ముందు నుంచీ బీపీ ఉన్నవాడికి గుండె బలహీనపడి ఆ రోజు బీపీ మామూలుగానో తక్కువగానో కనిపిస్తుంది. ఒక రోజు గడిస్తే కొలెస్ట్రాల్ లెక్కలు దిగిపోతాయి, అందుకే తొలి 24 గంటల్లోనే రక్తం తీయాలంటారు. నడుము కొలవాలంటే మనిషి నిలబడాలి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్నవాడిని ఎలా నిలబెడతారు? కాబట్టి ఐదు కొలతల్లో నాలుగు ఆ రోజు నమ్మదగినవి కావు, ఐదోది తీయడానికే కుదరదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటే కొంత నిజం చెబుతుంది. 2002లో స్వీడన్‌లో షుగర్ లేదనుకున్న 181 మంది గుండెపోటు రోగులకు ఇంటికి పంపేముందు గ్లూకోజ్ తాగించి పరీక్షించారు. 31 శాతం మందికి డయాబెటిస్, మరో 35 శాతానికి దాని గడప మీదున్న స్థితి. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే 25, 40. పడక మీద కనిపించిన షుగర్‌లో ఎక్కువ భాగం పాతదేనని దాంతో తేలింది. 2005లో ఫ్రాన్స్‌లో డిజోన్ ప్రాంతంలో 633 మంది గుండెపోటు రోగులను చూస్తే 46 శాతానికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. ఆసుపత్రిలో ఉండగానే గుండె చేతులెత్తేయడం, చనిపోవడం వాళ్లలోనే ఎక్కువ.

మన ప్రభుత్వాలు ఆ ఒక్క రోజుకు చేసింది తక్కువేం కాదు. 1990ల చివర అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి చవకైన స్టెంట్ చేశారు. ఆ తర్వాత గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను హైదరాబాద్ కంపెనీలే తయారుచేశాయి. 2005 ఆగస్టు 15న 108 బండి రోడ్డెక్కింది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో వేరే మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా పాకింది. "స్టంట్ వేసిండ్రు" అన్న మాట తండాల్లో కూడా మామూలైంది. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. వరంగల్‌లో కాకతీయ కాలేజీ ఆవరణలో కేంద్ర పథకం కింద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టారు. ఇదంతా రక్తనాళం మూసుకుపోయాక అందే సాయం. స్టెంట్ పడ్డ మనిషి ఇంటికొచ్చి అదే కంచం ముందు కూర్చుంటాడు. "అన్నం తగ్గించు" అని చిట్టీ మీద రాసిస్తారు, దాని బదులు ఏం తినాలో, అది ఏ ధరకు దొరుకుతుందో రాయరు. అన్నం తినకపోతే తిన్నట్టే ఉండదనే మనిషికి ఆ ముక్క చాలదు. నొప్పి పోయింది గదా అని నాలుగో నెలకు గోలీలు ఆపేస్తారు.

ముందే పట్టుకునే ఏర్పాటు లేదా అంటే, ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చే ఫారంలో నడుము కొలత ఒక గడి. మొగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపైతే సున్నా, 91 నుంచి 100 దాకా ఒక మార్కు, పైన రెండు. ఆడవాళ్లకు 80, 90. వయసు, పొగాకు, మందు, నడక, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీనో ఉందా అన్నవి కలిపి నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. కాగితం మీద ఇంత చక్కటి పరికరం ప్రపంచంలో తక్కువ. ఊళ్లో మాత్రం మొగవాళ్లు ఆమె వచ్చే వేళకు పొలంలోనో బాయి మీదనో ఉంటారు. దొరికినా పరాయి ఆడమనిషితో నడుము కొలిపించుకోవడానికి సిగ్గుపడి "రాసేసుకో అక్కా, ఎనభై ఐదు" అంటారు. ఆ 85 కంప్యూటర్‌లోకి వెళ్లిపోతుంది. టేపు కొలిచిన అంకెకూ నోటితో చెప్పిన అంకెకూ అక్కడ తేడా ఉండదు.

2022 నవంబర్ 15న మహబూబాబాద్‌లో, 2023 సెప్టెంబర్ 15న జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. అరవై ఏళ్లకు పైగా వరంగల్ దాకా వెళ్లాల్సిన ఊళ్లకు డాక్టర్ చదువు వచ్చింది. కొత్త పాఠ్యక్రమంలో ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని మూడేళ్ల పాటు వాళ్ల బీపీ, షుగర్, బరువు చూస్తూ ఉండాలి. మహబూబాబాద్ తొలి బ్యాచ్ ఆ పనిలోనే పెద్దదైంది. పరీక్ష కోసం నింపే రికార్డుగా కాకుండా, ఆసుపత్రి నుంచి స్టెంట్‌తో ఇంటికొచ్చిన మనిషిని మూడో నెలలో నిలబెట్టి నడుము కొలిచి, షుగర్ మళ్లీ చూసి, గోలీలు ఆపాడో లేదో అడిగే పనిగా దాన్ని మలుచుకుంటే వార్డులో తేలని ఆ ఐదు కొలతలూ తండాలో తేలతాయి. దానికి అయ్యే ఖర్చు ఒక టేపు, ఒక గ్లూకోమీటరు, ఊరికి పోయి వచ్చే బస్సు చార్జీ.